సారథి లేని రథం

మొన్న బ్రాహ్మీముహూర్తానికి ముందు నాకొక స్వప్నం కలిగింది. మా ఎర్రగుంట్ల నాపరాతి గనుల నుండి సారథి లేని యంత్రాలు మనుష్యుల చేష్టలను అనుకరిస్తూ గ్రామంపైకి వచ్చాయి. ఊరివారు భస్మాసుర వృత్తాంతాన్ని స్మరించి నర్తించారు, యంత్రాలూ నర్తించాయి. అందరూ శిరస్సుపై చేయి ఉంచుకోగా, అవి తమ లోహహస్తాలతో తమ తలలనే అణచుకొని కూలిపోయాయి.

జాగ్రదవస్థలోనూ ఇటువంటిది జరిగింది. 1983 సెప్టెంబరు 26న సోవియట్ హెచ్చరిక యంత్రం అమెరికా నుండి అయిదు క్షిపణులు వస్తున్నాయని ప్రకటించింది. అంత స్వల్పసంఖ్యతో ఎవరు యుద్ధం ఆరంభిస్తారని విచారించి, అధికారి స్టానిస్లావ్ పెట్రోవ్ అది మిథ్య అని నిశ్చయించాడు. మేఘాలపై ప్రతిఫలించిన సూర్యకాంతిని యంత్రం క్షిపణులుగా భ్రమించింది. రజ్జుసర్పభ్రాంతియే కదా! కఠోపనిషత్తు బుద్ధిని సారథి అన్నది ఇందుకే.

ఆ ఉదయమే అర్చనవేళ ఈ కలనే తలపోస్తూ, ఒక తల్లి చెప్పిన గోత్రానికి బదులు ముందువారి గోత్రమే పలికాను. "సామీ, మా గోత్రం అది కాదు" అన్నదామె మెల్లగా.

నాలుక నడుస్తున్నది, సారథి లేడు. యంత్రాన్ని నేనే. ఆమెకు నమస్కరించి, సంకల్పాన్ని మొదటి నుండి ఆరంభించాను.