ఒక సీసా - గృహధర్మము

నా మేనల్లుడు ఫ్రాన్సుదేశమున మోంపెల్లియే పట్టణమందు చదువుకొనుచున్నాడు. మొన్న సెలవులకు వచ్చినప్పుడు నాకు కానుకగా నొక సీసా తెచ్చి బల్లపై నుంచెను. అది ఆ దక్షిణసీమలోని లాంగ్‌డాక్ ప్రాంతపు ఎఱ్ఱని ద్రాక్షమద్యము. సారాకు బానిసయైన తండ్రి రెండెకరముల మాగాణిని, తల్లి మెడలోని పుస్తెలను గూడ హరించిన యింట బెరిగినవాడను నేను. ఆ సీసాను జూడగానే మనస్సు కలత నొందెను.

"మామయ్యా, ఇది సారా కాదు. గ్రెనాష్, సిరా, ముర్వేద్ర్ అను మూడుజాతుల ద్రాక్షల నుండి చేసినది. మొదటిది సత్తువను, రెండవది రంగును, మూడవది వగరును ఇచ్చును. పండ్లలోని తీపి యంతయు పులియుటలో బోయినది. అచ్చట భోజనముతో గొంచెముగా బుచ్చుకొందురు" అని యతడు వివరించెను.

ఆ సీమ రైతుల కథయు జెప్పెను. పందొమ్మిదవ శతాబ్ది యుత్తరార్ధమున అమెరికానుండి వచ్చిన ఫిలాక్సెరా యను చిన్న పురుగు తీగెల వేళ్లను నాశనము చేసెను. అమెరికా తీగెల వేళ్లకే తమ తీగెలనంటుగట్టి వారు తోటలను నిలుపుకొనిరి. తరువాత ధరలు పడిపోయెను. పంచదారనీళ్లతో జేసిన కల్తీమద్యమే యిందుకు గారణమని 1907లో మార్సెలిన్ ఆల్బేర్ అనువాని వెంట లక్షలకొలది జనులు వీధుల కెక్కిరి. నార్బోన్ పట్టణమున సైనికులు కాల్పులు జరుపగా కొందఱు మరణించిరి. ఆ యేడే కల్తీని అరికట్టు చట్టము వచ్చెను.

చదువరులారా, సత్యముకొఱకు పోరిన యా రైతులకు నేను మనసార నమస్కరించితిని. కాని కల్తీ లేనంతమాత్రమున హానియు లేకపోవునా? ఆ సీసాపై నూటికి 13 పాళ్లు ఆల్కహాలు అని వ్రాసియున్నది. మద్యపానము క్యాన్సరును గలిగించునని ప్రపంచారోగ్యసంస్థకు జెందిన పరిశోధనసంస్థ 1988లోనే నిర్ణయించినది. ఫ్రాన్సువారు సైతము 1956లో పదునాలుగేండ్ల లోపు పిల్లలకు బడిభోజనమున మద్యము నిషేధించిరి. 1991లో మద్యప్రకటనలకు గట్టి హద్దులు పెట్టిరి.

నా భార్య యంతవఱకు మౌనముగా వినుచుండెను. అప్పు డామె, "సారా కూలివాని పాపమై, ఇది చదువుకొన్నవాని మర్యాద యగునా?" అని యడిగెను.

నేను తలవంచుకొంటిని. 1992లో నెల్లూరుజిల్లా దూబగుంట స్త్రీలు సారాపై తిరుగబడినప్పుడు, మా యూరి కూలిపేటలో మద్యమునకు వ్యతిరేకముగా గొంతెత్తి మాటలాడినవాడను నేను. ఆ నేనే, స్నేహితుల యిండ్ల విందులలో ఖరీదైన సీసాలు చేతులు మారుచుండగా నోరు మెదపలేదు. పేదవానికి జెప్పిన నీతి ధనికుని యెదుట నా నాలుకపై నిలువలేదు.

మేనల్లుని ప్రేమను నొప్పింపక, సీసాను మూత తీయకయే తిరిగి యిచ్చితిని. అతడు నవ్వి దానిని పెట్టెలో సర్దుకొనెను. వచ్చు నెలలో మిత్రునింట పెండ్లివిందున్నది. ఈ మాటలే అచ్చటను జెప్పవలెనని నిశ్చయించుకొంటిని. కూలిపేటలో మాటలాడినదానికంటె అది నాకు కష్టతరమగునని యెఱుగుదును.