ఒక్క టెస్టు పాసైతే రిలీజ్ చేసేస్తామా?

మా అన్నోజిగూడలో ఆయిల్ షాపతను మొన్న ఓ చిన్న సీసా చేతిలో పెట్టాడు. "గేర్ ఆయిల్ల కలపండి సార్, రాపిడి తగ్గుతది, కిలోమీటర్లు ఎక్కువొస్తయి." నాది ఎలక్ట్రిక్ కారు. అబద్ధమెందుకు, ఆశ పుట్టింది. ఐదొందలిచ్చి కొనేశాను.

తార్నాక ఐఐసీటీలో నూనెల మీద పరిశోధన చేసిన మిత్రుడికి ఫోన్లో గొప్పగా చెప్పా. ఒకటే అడిగాడు: "రాగి మీద టెస్ట్ చేశారట్రా?"

అరుగుదల చూడ్డానికి ఫోర్ బాల్ టెస్టర్ ఉంటుందట. మూడు ఉక్కు బంతుల్ని నూనెలో బిగించి, నాలుగోదాన్ని పైనుంచి నొక్కిపెట్టి తిప్పుతారు. 75 డిగ్రీల వేడి, నిమిషానికి 1200 చుట్లు, ఒక గంట. తర్వాత కింది బంతుల మీద పడ్డ గాట్లను మైక్రోస్కోపులో కొలుస్తారు. గంధకం ఉన్న ఎడిటివ్‌లు ఇక్కడ మంచి మార్కులే తెచ్చుకుంటాయి.

చిక్కెక్కడంటే, కొన్ని ఎలక్ట్రిక్ కార్లలో గేర్ల నూనే మోటారు రాగి చుట్ల మీద కూడా పారుతుంది, చల్లబరచడానికి. వేడిలో గంధకం రాగిని తినేస్తుంది. వెండి కుందులు నల్లబడతాయే, అదే జాతి జబ్బు. పైగా అలా పేరుకున్న పొర కరెంటును పోనిస్తే షార్ట్ సర్క్యూటే! రాగి రేకును వేడి నూనెలో ముంచి రంగు చూసే పాత టెస్టు దీనికి చాలదు. అందుకని సన్నటి రాగి తీగను నూనెలోనూ, పైన ఆవిరిలోనూ ఉంచి నిరోధం ఎలా మారుతోందో చూస్తున్నారు.

యూనిట్ టెస్ట్ గ్రీన్, ప్రొడక్షన్ డౌన్. మనకి తెలియని కథా :)

సీసా మీద రాగి ఊసే లేదు. షాపతను వెనక్కి తీసుకోనన్నాడు. మా ఆవిడ గేటు కీళ్ళకి రాస్తానంది. ఇనుమే కదా, రాయమన్నాను.