పంపా తీరాన ఒక పశువుల పాక

అన్నవరం స్టేషనులో నాతోపాటు రైలు దిగినవారు దాదాపు అందరూ రత్నగిరి వైపు, సత్యనారాయణస్వామి కొండకు సాగిపోయారు. నేను పంపా జలాశయం పక్కగా పొలాల దారి పట్టాను. మా మదరసా విద్యార్థి ఒకడు సెలవులకు ఇంటికి వచ్చి ఉన్నాడు. అతనికి నేను ఒక విషయంలో బాకీపడి ఉన్నాను.

నిరుడు అతని నోటు పుస్తకంలో పెన్సిలుతో గీసిన గేదె బొమ్మ కనిపిస్తే ఆ కాగితం చించివేశాను. మదరసాకు రాకముందు చదివిన పాఠశాల వారు రాజమండ్రి తీసుకువెళ్లి దామెర్ల రామారావు చిత్రశాల చూపించారట. 1897లో పుట్టి 1925లోనే మశూచితో కన్నుమూసిన ఆ చిత్రకారుని గీతలు పిల్లవాని మనసుకు పట్టాయి. ప్రాణుల బొమ్మల విషయంలో ఉలమాల అభిప్రాయం నాకు తెలుసు, దానిని నేను నేటికీ విడువలేదు. అయితే హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) తన వద్దకు వచ్చిన చిత్రకారునికి చెట్లను, ప్రాణం లేనివాటిని గీసుకొమ్మని దారి చూపారు. నేను ఏ దారీ చూపలేదు, కాగితం చించానంతే.

ఫజ్ర్ నమాజు తర్వాత ఇద్దరం పశువుల పాకలో కూర్చున్నాము. "బొమ్మ బదులు మాటలతో రాయి నాయనా" అన్నాను. నిమిషంలో రాసి చూపించాడు: గేదె సాధు జంతువు, గడ్డి తినును, పాలు ఇచ్చును. మనమందరం బడిలో రాసినదే. గేదె ముఖం చూడకుండానే రాయవచ్చు.

"దానివైపు చూసి రాయి."

చాలాసేపు చూసి, "ఉస్తాద్, పడుకున్న గేదె ముందు ఏ కాళ్లపై లేస్తుంది?" అని అడిగాడు. పాడి ఉన్న ఇంట పుట్టి, యాభై దాటినవాడిని. చెప్పలేకపోయాను. ఇంతలో అతని తల్లి కుడితి తొట్టి కదిపింది. గేదె ముందరి మోకాళ్లపై ఆనుకుని, వెనుక కాళ్లను మొదట నిలబెట్టి, ఆ తర్వాత ముందరి కాళ్లు ఒక్కొక్కటిగా లేపింది. అంతకుముందు నెమరు వేస్తున్నప్పుడు గొంతులో ఉండ పైకి పాకడం, దవడ పక్కకు తిరగడం కూడా అతడే నాకు చూపించాడు. పశువులు ఉదయం మేతకు వెళ్లడంలో, సాయంత్రం తిరిగి రావడంలో మీకు సౌందర్యం ఉందన్న నహ్ల్ సూరా వాక్యభావాన్ని ఎన్నేళ్లుగా బోధిస్తున్నానో!

"వచ్చే వారం దీన్ని అమ్మేస్తున్నాం మౌల్వీ సాబ్" అన్నాడు తండ్రి. "కోత మిషను వచ్చాక గడ్డి నలిగిపోయి చేతికి రావడం లేదు. కొని మేపే శక్తి మాకు లేదు."

పిల్లవాడు తల ఎత్తలేదు. జుహ్ర్ వేళకు నాలుగు పేజీలు నింపాడు. ఎడమ చెవి అంచున చిన్న చీలిక ఉందనీ, ఈగ వాలితే ముందు ఆ చెవే కదులుతుందనీ రాశాడు. పుస్తకం ఇమ్మన్నాను.

"ఇంకా అవలేదు ఉస్తాద్. సాయంత్రం నీళ్లలో నుంచి లేచి ఇంటికి వచ్చేది చూడాలి."

నా రైలు మూడు గంటలకు. ఆ రోజు వెళ్లలేదు.