మా మేడగదీ, ఒంటి చుక్కా

మద్రాసు వైపునుంచి కలకత్తా పోయే రైలులో వచ్చేవారు ఇచ్ఛాపురం దాటగానే ఒక పొరపాటు చేస్తారు. స్టేషను బోర్డుమీద లిపి మారడం చూచి, తెలుగుదేశం అయిపోయింది కదా అని కిటికీవైపు చూడడం మానేస్తారు. ఆ తరువాత కాసేపటికే బరంపురం వస్తుంది. అక్కడ దిగి, వచ్చీరాని హిందీలో రిక్షా బేరమాడబోతే, రిక్షావాడు ఓపికగా అంతా విని, "యెక్కడికెళ్ళాల బాబూ?" అని తెలుగులో అడుగుతాడు. యీ ముచ్చట నేను యెన్నిసార్లు చూశానో లెక్కలేదు.

మేముండేది ఆ బరంపురానికి ఆనుకుని వున్న హల్దియాపదర్‌లో. హల్దియా అంటే పసుపు రంగు, పదర్ అంటే మెరక మైదానం. పేరునుబట్టి చూస్తే ఒకప్పుడు పచ్చగడ్డి యెండి పసుపుపచ్చగా కనిపించే బీడు కాబోలు ననుకుంటాను. యిప్పుడా బీడు లేదు. కొత్త బస్టాండు యిక్కడే వున్నది. తెల్లవారుజామున నాలుగు గంటలకే కండక్టర్ల కేకలతో మెలకువ వస్తుంది. చూడవలసిన వూరా అంటే కాదు. చూడవలసిన చోట్లకు పోయేవారంతా దిగే వూరు. గోపాల్‌పూరు సముద్రం దగ్గరే. తారాతారిణి కొండ, ఋషికుల్య నది కలిసే చోట తాబేళ్ళు గుడ్లు పెట్టే యిసుక తిన్నెలు, తప్తపాణి వేడినీటి బుగ్గ — అన్నిటికీ యిక్కడినుంచే దారి. మెడికల్ కాలేజీ ఆసుపత్రికి రోగులను తీసుకుని వచ్చేవారూ యెక్కువే.

1936 ఏప్రిల్ 1 న ఒరిస్సా రాష్ట్రం యేర్పడినపుడు గంజాం జిల్లాలో యెక్కువ భాగం మద్రాసు రాజధానినుంచి విడిపోయి అటు చేరింది. ఇచ్ఛాపురం యిటే వుండిపోయింది. మా తాతగారు మాత్రం లేచి యెక్కడికీ పోలేదు. సరిహద్దే వచ్చి ఆయన పక్కనుంచి పోయింది. భారత రాష్ట్రపతి అయిన వి.వి. గిరిగారు 1894 లో పుట్టినది యీ బరంపురంలోనే. యిక్కడి పట్టు నేతగాళ్ళలో తెలుగు మూలంవారు చాలామంది. యిదంతా మీకు తెలియదని కాదు. మా మేడగదికి వచ్చేవారికి తెలియదు. చిక్కంతా అక్కడ వచ్చింది.

నేను వుద్యోగం విరమించాక మేడమీది రెండు గదులూ ఖాళీగా వుండిపోయాయి. అబ్బాయి బెంగుళూరులో. మా ఆవిడ మందుల ఖర్చు యేటేటా పెరుగుతున్నది. అబ్బాయే సలహా చెప్పి, యిళ్ళను రోజులలెక్కన అద్దెకు కుదిర్చిపెట్టే ఒక కంపెనీలో మా గదులను చేర్పించాడు. ఆ కంపెనీ పేరు యిక్కడ అనవసరం. వచ్చిన అతిథి వెళ్ళిపోయాక అయిదు చుక్కలకు యెన్ని యిస్తాడో వేసి, నాలుగు ముక్కలు రాస్తాడు. ఆ రాత చూచి తరువాతివారు వస్తారు, లేదా రారు.

మొదటి తొమ్మిదిమందీ అయిదేసి చుక్కలు వేశారు. ఒక బెంగాలీ దంపతులు మా ఆవిడ చేసిన వడియాలు పొట్లం కట్టించుకుని మరీ పోయారు. పదోవారు కృష్ణాతీరంనుంచి వచ్చిన తెలుగు కుటుంబం. మన తెలుగువారే వస్తున్నారని మా ఆవిడ ముందురోజునుంచీ హడావిడి. వారికి అయిదారేళ్ళ పాప. మెట్లమీద సిగ్గుపడుతూ నిలబడితే మా ఆవిడ బెల్లంముక్క చూపించి, "గుంటా, యిలా రావే" అన్నది. తల్లి మొహం ముడుచుకున్నది. మేము గమనించలేదు. భోజనాలవేళ ఆయన నన్ను మెచ్చుకుంటున్నట్టుగా, "తెలుగు బాగానే మాట్లాడుతున్నారే, యెక్కడ నేర్చుకున్నారు?" అన్నాడు. నవ్వేసి వూరుకున్నాను. యేమని చెప్పను?

వారు వెళ్ళిన మూడోనాడు ఒక్క చుక్క పడ్డది. రాసినదాని సారాంశం యిది: యింటివారు తెలుగువారమని చెప్పుకుంటారు గాని వారిది మొరటు భాష, మా పాపను గుంట అని తిట్టారు, పక్కబట్టలు మాసినవి, నీళ్ళు రావు, యిటువంటి జనం యిళ్ళలో సంసారులు దిగకూడదు.

మా ఆవిడ ఆ రాత్రి అన్నం తినలేదు. శ్రీకాకుళంనుంచి యిక్కడిదాకా గుంట అంటే ఆడపిల్ల, గుంటడు అంటే మొగపిల్లవాడు. అది ముద్దు మాట. కిందకు పోతే అదే మాటకు గొయ్యి అని అర్థం. ఆ తల్లికి అది తెలియకపోవడం తప్పు కాదు. అడగకపోవడమే తప్పు. పక్కబట్టలు ఆ వుదయమే వుతికి ఆరవేసినవి. కాని ఆ రాతలో ఒక మాట మాత్రం నిజం: మేడమీద నీళ్ళు సన్నగా వచ్చేవి. ముందు వచ్చిన తొమ్మిదిమందీ మొహమాటానికి ఆ సంగతి రాయలేదు. ప్లంబరును పిలిపించి గొట్టం మార్పించాను. కోపంలో అన్నమాటల్లోనూ యేరుకోవలసినవి వుంటాయి.

యిక లెక్క చూడండి. తొమ్మిది అయిదులూ ఒక ఒకటీ కలిపితే నలభైఆరు. పదితో భాగిస్తే 4.6. యిటువంటి వ్యాపారంలో పెద్దదైన ఎయిర్‌బీఎన్‌బీలో మంచి ఆతిథేయులని బిరుదు యిచ్చేందుకు 4.8 వుండాలంటారు. ఆ కొలత ప్రకారం నేను మళ్ళీ అక్కడకు చేరాలంటే మరో పదిమంది వరసగా అయిదేసి చుక్కలు వేయాలి. వందమంది వచ్చిపోయిన పెద్ద హోటలుకు ఒక ఒంటి చుక్క దోమకాటు. మావంటి చిన్న యింటికి అది తేలుకాటు. నాలుగు నెలలు మేడ తాళం వేసే వున్నది.

ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830-31 లో కాశీయాత్ర చేసి, తిరుగుదారిలో మా గంజాం సీమమీదుగానే వెళ్ళారు. మజిలీ మజిలీకీ దిగడానికి వసతి వున్నదా, సరుకులు దొరుకుతాయా అని రాసుకుంటూ పోయారు. ఆయనా ఒకరకంగా చుక్కలు వేసినవారే! కాని ఆ పుస్తకం అచ్చయినది 1838 లో. ఆయన రాతకు భయపడి యే సత్రంవారూ నిద్ర మానుకోలేదు.

కంపెనీవారికి విన్నవించుకున్నాను. అది అతిథి అభిప్రాయమట, తీసివేయడం కుదరదట. అయితే కింద నా సమాధానం వేసుకోవచ్చునన్నారు. కూర్చుని రెండు పేజీలు రాశాను. గిరిగారిని, 1936 ను, మా తాతగారిని, అందరినీ దించాను. చివర ఆ పెద్దమనిషి చదువుసంధ్యలమీద కూడా ఒక చురక వేశాను. అబ్బాయి ఫోనులో అంతా విని, "నాన్నా, ఆయన యిది చదవడు. రేపు రాబోయేవాడు చదువుతాడు. వాడికోసం రాయండి" అన్నాడు. కోపం వచ్చింది గాని, మాట సబబే. చివరకు యింతే మిగిలింది: "మా ప్రాంతంలో ఆడపిల్లను ముద్దుగా గుంట అంటాము. మీ మనస్సు నొచ్చినందుకు చింతిస్తున్నాము. దుప్పట్లు ప్రతి అతిథికీ వుతికినవే వేస్తాము. నీళ్ళ గొట్టం మార్పించాము."

యిక్కడితో ఆపితే నేను మంచివాడిగా మిగులుతాను. కాని జరిగినది అది కాదు. తరువాతి నెలలో ఒకాయన గదులు కావాలని అడిగాడు. అదే జిల్లా, అదే యింటిపేరు. చూడగానే "ఖాళీ లేవు" అని పంపించాను. మేడ తాళం వేసే వున్నది సుమా! సాయంత్రం మా ఆవిడ ఆ వుత్తరం పూర్తిగా చదివింది. ఆయన తల్లికి తుంటి యెముక విరిగి ఆసుపత్రిలో వున్నదట. దగ్గరలో వండుకోవడానికి వీలైన చోటు కావాలని రాశాడు. నేను పేరు దగ్గరే ఆగిపోయాను. "వాళ్ళు మనను చూడకుండా అన్నారు, మీరు వీళ్ళను చూడకుండా పొమ్మన్నారు" అన్నది. వెంటనే క్షమాపణ చెప్పి, అద్దె వద్దు, రమ్మని రాశాను. జవాబు రాలేదు.

అమెరికాలో హార్వర్డు పరిశోధకులు 2015 లో అయిదు పట్టణాలలో సుమారు 6,400 యిళ్ళకు అద్దె అడుగుతూ కల్పిత పేర్లతో వుత్తరాలు పంపారట. తెల్లవారి పేరుతో అడిగితే సగంమంది సరేనన్నారు. నల్లవారి పేరుతో అడిగితే నూటికి నలభైరెండుమంది. మిగతా వివరాలన్నీ ఒకటే, తేడా పేరులోనే. ఎయిర్‌బీఎన్‌బీవారు 2018 లో, యింటివారు వొప్పుకునేదాకా అతిథి ఫొటో కనిపించకుండా మార్చారు. యీ సంగతి అబ్బాయి చెప్పినపుడు, అది అమెరికా గొడవలే అని నేను మునుపు కొట్టిపారేసేవాణ్ణి. యిప్పుడు అనలేకపోయాను. అప్పటినుంచి వుత్తరం మొత్తం చదివిన తరువాతనే పేరు చూడాలని నియమం పెట్టుకున్నాను. అన్నిసార్లూ సాగడం లేదు. కన్ను ముందు పేరుమీదికే పోతుంది.

మెల్లగా మళ్ళీ జనం రాసాగారు. మా ఆవిడ మాత్రం మారిపోయింది. పిల్లలు వస్తే "పాపా, యిలా రామ్మా" అంటూ సినిమాలో అత్తగారిలాగ మాట్లాడేది. ఆ తెలుగు వినలేక నేను అవతలకు పోయేవాణ్ణి. పోయిన శీతకాలంలో సోంపేటనుంచి ఒక ముసలమ్మగారు, కొడుకూ కోడలూ మనుమరాలితో వచ్చారు. మా ఆవిడ జాగ్రత్తగా, "పాపగారికి పాలు తెమ్మంటారా?" అని అడుగుతూవుండగానే, ఆ పిల్ల బురదకాళ్ళతో గదిలోకి పరుగెత్తింది. ముసలమ్మగారు గుమ్మంలోంచి, "ఒలే గుంటా! సెప్పులు యిప్పవేటే?" అని ఒక్క కేక పెట్టింది.

మా ఆవిడ పాలగిన్నె కింద పెట్టి, పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్ళవెంట నీళ్ళు వచ్చేదాకా నవ్వింది.