నల్లకోటు మళ్లీ తీశాను

మన గ్రూపులో ఎవరికి ఏ కాగితం వచ్చినా "అక్కా, నువ్వు లాయర్‌వి కదా, కాస్త చూడవా" అని నాకే ఫోటో పెడతారు. ఇంటి ఓనర్ నోటీసు కానీ, కౌన్సిల్ టాక్స్ ఉత్తరం కానీ, స్పీడింగ్ ఫైన్ కానీ. ఎనిమిదేళ్లుగా ఇక్కడ నేను చేస్తున్నది వంటా, పిల్లల స్కూలూ. అయినా "లాయర్‌వి కదా" అంటే లోపల సంతోషమే. ఆ వెనకే ఒక భయం.

ఆ భయం 2023లో నిజమైంది. కేర్ హోంలో పనిచేసే ఒక అమ్మాయి, నెల్లూరు వైపు పిల్ల, రాత్రి పదింటికి ఏడుస్తూ ఫోన్ చేసింది. వాళ్ల యజమాని స్పాన్సర్ లైసెన్సు రద్దయిందట. ఉత్తరం చేతికొచ్చింది, అరవై రోజుల్లో ఇంకో స్పాన్సర్‌ని చూసుకోవాలి, లేదంటే దేశం వదలాలి. "ఏం చెయ్యమంటావక్కా?" అంది. గుంటూరు కోర్టులో ఐదేళ్లు నిలబడిన దాన్ని, నోరు పెగల్లేదు.

తెలియక కొంత, తెలిసినా చెప్పే హక్కు లేక కొంత. ఇక్కడ ఇమిగ్రేషన్ సలహా ఇవ్వాలంటే సోలిసిటరో, బారిస్టరో, రిజిస్టర్ చేయించుకున్న సలహాదారో అయ్యుండాలి. 1999 చట్టం అది. మిగతావాళ్లు దాన్ని పనిగా పెట్టుకుంటే పైసా తీసుకోకపోయినా నేరమే. "ఫలానా అన్నయ్య వీసాలు చూస్తాడు" అని గ్రూపులో నంబర్లు పంచుకునే ముందు ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. నా గుంటూరు సన్నదు ఇక్కడ చెల్లదు. రిజిస్టరైన సలహాదారు నంబరు వెతికి ఇచ్చాను, అంతే. గడువు లోపలే ఆ పిల్లని ఇంకో చోట తీసుకున్నారు. అందులో నా పాత్ర ఆ నంబరు వరకే. ఆ రాత్రి మాత్రం నాకు నిద్ర పట్టలేదు.

నేను పని నేర్చుకున్న తీరు చెప్తే ఇప్పటి పిల్లలు నవ్వుతారు. 2012లో డిగ్రీ, ఆ తర్వాత బార్ కౌన్సిల్ వాళ్ల పరీక్ష. అప్పట్లో పుస్తకాలు ముందు పెట్టుకుని రాసేవాళ్లం. ఆపైన సీనియర్ గారి ఆఫీసు. పొద్దున కాజ్ లిస్టు చూడ్డం, కట్టలు మోయడం, ఆయన పై కోర్టులో ఉంటే లేచి "పాస్ ఓవర్ ఇప్పించండి సార్" అనడం. జీతమంటూ లేదు, పండక్కి చీర, అప్పుడప్పుడూ బస్సు ఛార్జీలు. కానీ అఫిడవిట్ రాయడం ఆయన దగ్గరే వచ్చింది. నా డ్రాఫ్టు మీద ఎర్ర ఇంకుతో కొట్టేసి, మాట్లాడకుండా వెనక్కి పడేసేవారు. ఎందుకు కొట్టేశారో నేనే కనుక్కోవాలి. ఆ ఐదేళ్లలో "ఈ ఏడాది కొత్తగా ఏం నేర్చుకున్నావమ్మా" అని నన్ను లెక్క అడిగినవాళ్లు ఒక్కరూ లేరు.

మా పక్కింటి నర్సు లత దగ్గర ఒక ఫైలుంది. మూడేళ్లకోసారి ఆవిడ రిజిస్ట్రేషన్ నిలవాలంటే 450 గంటల పని, 35 గంటల చదువు చూపించాలి. ఆ చదువులో 20 గంటలు నలుగురితో కలిసి నేర్చుకున్నవై ఉండాలి. పైగా తన పని గురించి తానే ఆలోచించి ఐదు రాతలు రాయాలి. "మీ లాయర్లకి ఎన్ని గంటలు?" అని అడిగింది. వెతికితే తేలిందేమంటే ఇంగ్లండు సోలిసిటర్లకీ ఒకప్పుడు ఏడాదికి 16 గంటల లెక్కుండేది. 2016 నవంబరులో తీసేశారు. ఇప్పుడు ఎవరికి ఏం లోటో వాళ్లే చూసుకుని, నేర్చుకుని, రాసిపెట్టుకుని, ఏటా లైసెన్సు రెన్యువల్లో ప్రకటించాలి. నాకైతే లత ఫైలే నచ్చింది. గంటల లెక్క లేకపోతే నాలాంటిది రేపు రేపు అంటుంది.

నా విషయంలో అదే జరిగింది మరి. 2024 జులై 1న మన దేశంలో శిక్షాస్మృతి మారిపోయింది. నిద్రలో లేపినా చెప్పే 302 ఇప్పుడు 103 అయింది, 420 వెళ్లి 318లో చేరింది, 498ఏ కాస్తా 85 అయింది. అటకమీంచి తీసిన నా పుస్తకాలు ఇక్కడా పనికిరావు, అక్కడా పాతబడ్డాయి.

అందుకే ఎస్‌క్యూఈ కట్టాను. మొదటి భాగం రెండు పేపర్లు, ఒక్కోదానికి 180 ప్రశ్నలు, ఒక్కోటి ఐదు గంటల పైమాటే. రెండో భాగంలో నిజంగా క్లయింటు ముందు కూర్చున్నట్టు ఇంటర్వ్యూలు, వాదన, డ్రాఫ్టింగు. రెండూ కలిపి ఫీజే నాలుగున్నర వేల పౌండ్లు దాటుతుంది. కోచింగు వేరే. మా ఆయన ఆ అంకె విని కాసేపు కిటికీలోంచి చూసి "కారు మార్చడం తర్వాత చూద్దాంలే" అన్నారు. ఇక్కడ చదువుకున్న పిల్లలకైతే రెండేళ్ల పని అనుభవం కూడా కావాలి. మన దగ్గర ఎన్‌రోల్ అయిన లాయర్లకి ఆ షరతు లేదు. ఇంట్లో కూర్చున్న లాయర్ చెల్లెళ్లు మన గ్రూపుల్లో ఎంతమందో ఉన్నారు, ఈ ఒక్కటి వాళ్లకి చెప్పండి.

షరతు లేకపోయినా సిటిజన్స్ అడ్వైస్‌లో వాలంటీరుగా చేరాను. వాళ్ల శిక్షణ కొన్ని నెలలు. అన్నిటికంటే కష్టంగా అనిపించింది నోరు మూసుకోవడం. "మీరైతే ఏం చేస్తారు" అని ఎదుటి మనిషి అడిగినా నా అభిప్రాయం చెప్పకూడదు, ఉన్న దారులు చూపించాలి, ఎంచుకోవడం వాళ్లది. గుంటూరులో మేం నేర్చుకుంది "సంతకం పెట్టమ్మా, మిగతాది నేను చూసుకుంటా". సగం మంది ఆడవాళ్లు ఏ కాగితం మీద సంతకం చేశారో తెలియకుండానే ఇంటికెళ్లేవాళ్లు. అది తప్పని అప్పుడు నాకు తోచనే లేదు.

జనవరిలో రాశాను. మొదటి పేపరు గట్టెక్కింది, రెండోది పోయింది. ఇక్కడి భూమి చట్టం, ట్రస్టులు, సోలిసిటర్ల అకౌంట్లు నన్ను ముంచాయి. అమ్మకి ఫోన్లో చెప్తే "ఈ వయసులో నీకెందుకే ఇదంతా" అని, రెండు నిమిషాలాగి "మళ్లీ ఎప్పుడు?" అంది.

జులైలో. ఆరేళ్లలో మూడు అవకాశాలు, ఒకటి అయిపోయింది. పొద్దున నాలుగున్నరకి లేచి ఇరవై ప్రశ్నలు చేసి, అప్పుడు ఇడ్లీ కుక్కర్ పెడుతున్నా. నెల్లూరు పిల్ల నిన్న మెసేజ్ పెట్టింది, వాళ్ల కేర్ హోంలో ఇంకో అమ్మాయికి జీతం కోసుకుంటున్నారట. దానికి ఎక్కడికెళ్లాలో ఈసారి నాకు తెలుసు.