ఆ మూడు సెకన్లు
తొక్కినా కారు అందుకోలేదు. కంప్యూటర్ టర్బో వైపు వేలు చూపింది. అసలు దొంగ వేరే చోట ఉంది.

తిరువూరు దాటాక రోడ్డు ఖాళీగానే కనిపించింది. ముందు లోడు లారీ పోతోంది. విజయవాడ నుంచి భద్రాచలం వెళ్లే ఆ దారి అతనికి కొట్టిన పిండి. పదకొండేళ్లుగా ట్యాక్సీ నడుపుతున్నాడు. ఇండికేటర్ వేసి కుడివైపు వచ్చి యాక్సిలరేటర్ తొక్కాడు. కారు అందుకోలేదు. ఒకటి, రెండు, మూడు సెకన్లు. ఎదురుగా బస్సు లైట్లు కొడుతూ వచ్చేస్తోంది. బ్రేక్ వేసి మళ్లీ లారీ వెనక్కి దూరాడు. వెనక సీట్లో రాములవారి దర్శనానికి బయల్దేరిన వృద్ధ దంపతులు. ‘‘నెమ్మదిగా పోనీ నాయనా, దేవుడు ఎక్కడికీ పోడు’’ అంది పెద్దావిడ. అతను తల తిప్పి చూడలేకపోయాడు.

మూడు సెకన్లంటే ఎంత? గంటకు 60 కి.మీ. వేగంలో 50 మీటర్లు. ఎదురు బండి కూడా అదే వేగంతో వస్తుంటే రెంటి మధ్య దూరం 100 మీటర్లు తరిగిపోతుంది. ఆ లెక్క అతనికి తెలియకపోవచ్చు. కానీ బండిలో లోపం ఉందన్న సంగతి మూడు వారాలుగా తెలుసు. తొక్కితే కాసేపు ఏమీ ఉండదు, తర్వాత ఒక్కసారిగా దూకుతుంది. వెనక నల్లటి పొగ. మైలేజీ కూడా పడిపోయింది. డీజిల్ బాగాలేదని ఒకరోజు, టర్బో బండ్లన్నీ ఇంతేనని మరోరోజు సర్దిచెప్పుకున్నాడు. నెల వాయిదా కట్టాల్సిన బండిని షెడ్డులో పెట్టే ధైర్యం చాల్లేదు.

రెండో సాకులో కొంత నిజం లేకపోలేదు. టర్బో తిరిగేది ఇంజన్ నుంచి వచ్చే పొగ ఒత్తిడితో. ఇంజన్ వేగం తక్కువగా ఉన్నప్పుడు ఆ ఒత్తిడి చాలదు. అందుకే చిన్న డీజిల్ కార్లు 2,000 ఆర్‌పీఎం లోపు కాస్త బద్ధకిస్తాయి. కానీ అది కొన్న రోజు నుంచీ ఉండే గుణం. నిన్నటిదాకా లేనిది ఇవాళ వచ్చిందంటే అది గుణం కాదు, జబ్బు.

మర్నాడు బండి చూపించిన మొదటి వర్క్‌షాపులో స్కానర్ తగిలించారు. 2013 ఏప్రిల్ నుంచి తప్పనిసరైన ఓబీడీ-2 వ్యవస్థ ఉన్న కారు కాబట్టి లోపాన్ని కోడ్ రూపంలో చూపింది: పి0299. టర్బో ఇవ్వాల్సినంత ఒత్తిడి ఇవ్వడం లేదని దానర్థం. ‘‘టర్బో మార్చాలి, రూ. 48,000 అవుతుంది’’ అన్నారు. ఆ రాత్రి భార్య ఏమీ మాట్లాడకుండా చేతి గాజులు తీసి బల్ల మీద పెట్టింది. పొద్దున్నే బ్యాంకులో తాకట్టు పెట్టాలన్నది ఆలోచన.

బ్యాంకు తెరిచేలోపు ఆటోనగర్‌లో పాత మెకానిక్ దగ్గరికి వెళ్లాడు. టర్బో ఎక్కడైనా తక్కువకు దొరుకుతుందేమో అడుగుదామని. ఆయన బానెట్ ఎత్తలేదు. ముందు ప్రశ్నలు వేశాడు. చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? ఏ గేర్‌లో? పొగ ఏ రంగు? తొక్కినప్పుడు ఈల లాంటి చప్పుడు వస్తోందా?

‘‘వస్తోంది బాబాయ్, ఎత్తు ఎక్కేటప్పుడు.’’

ఆ తర్వాత ఒక్కొక్కటే తీసేస్తూ వచ్చాడు. ఇంజన్ వేగం పెరిగి బండి వేగం పెరక్కపోతే క్లచ్ జారుతున్నట్టు. ఇక్కడ ఇంజనే పుంజుకోవడం లేదు, కాబట్టి క్లచ్ కాదు. ఈ కారులో యాక్సిలరేటర్‌కు తీగ ఉండదు, సెన్సరే. పెడల్‌ను మెల్లగా తొక్కుతుంటే స్కానర్‌లో అంకె ఎక్కడా తడబడకుండా పెరిగింది. సెన్సర్ బాగుంది. ఎయిర్ ఫిల్టర్ శుభ్రంగా ఉంది. డీజిల్ ఫిల్టర్‌లో నీళ్లు లేవు. ఈజీఆర్ వాల్వ్‌కు మసి పట్టినా ఇరుక్కోలేదు.

చివరికి గాలి గొట్టాలకు కంప్రెసర్ గాలి పట్టించి, సబ్బు నీళ్లు పోశాడు. టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కు వెళ్లే రబ్బరు గొట్టం అడుగున బుడగలు లేచాయి. వేలెడు చీలిక. ఇంజన్ ఊరికే తిరుగుతున్నప్పుడు మూసుకునే ఉంటుంది, ఒత్తిడి పెరగ్గానే నోరు తెరుస్తుంది. లోపలికి వచ్చిన గాలిని సెన్సర్ కొలుస్తుంది, ఆ లెక్కన డీజిల్ వెళ్తుంది, గాలి మాత్రం దారిలోనే కారిపోతుంది. నల్లపొగకూ ఆలస్యానికీ కారణం అదే. కోడ్ చెప్పింది అబద్ధం కాదు. అది చెప్పింది రోగలక్షణం, రోగాన్ని కాదు.

కొత్త గొట్టం, రెండు క్లాంపులు, కూలీ కలిపి రూ. 1,900. బెంజ్ సర్కిల్ దాకా వెళ్లి వచ్చారు. స్కానర్‌లో అడిగిన ఒత్తిడి, అందిన ఒత్తిడి దాదాపు కలిసి నడిచాయి. తొక్కగానే కారు అందుకుంది. అతని ముఖం విప్పారింది. మెకానిక్ ముఖం మాత్రం అలాగే ఉంది.

‘‘గాలి కారుతుంటే దాన్ని పూడ్చడానికి టర్బో ఇంకా గట్టిగా తిరుగుతుంది. ఇంకో నెల తిప్పితే అదీ పోయేది. సరే, అది డబ్బుతో పోయేదే. మూడు వారాలు జనాన్ని ఎలా ఎక్కించుకున్నావు అబ్బాయ్?’’

అతని దగ్గర జవాబు లేదు. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 వచ్చాక చిన్న డీజిల్ కార్లు మార్కెట్లో దాదాపు కనుమరుగయ్యాయి. పాత బండ్ల మీద బతికేవాళ్లు వాటినే కాపాడుకోవాలి. వాయిదా తేదీ ఆగదు, బుకింగ్ ఆగదు. తిరువూరు దగ్గర ఎదురొచ్చిన బస్సు కూడా ఆగేది కాదు.

ఇంటికెళ్లి గాజులు భార్య చేతికిచ్చాడు. ఎంతైందని అడిగింది, చెప్పాడు. లారీ సంగతి మాత్రం చెప్పలేదు. చీలిన గొట్టం ఇంకా డిక్కీలోనే ఉంది. పారేయమని కూతురు రెండుసార్లు అడిగింది. ఉండనీ అన్నాడు.