జాకీల జత పడేయాలా?

గండిపేట మీదుగా గాలి వీస్తోంది, నార్సింగిలో సంక్రాంతి ముందు రాత్రులంటే ఇలాగే ఉంటాయి. పేక కబుర్లకు ఇంతకన్నా మంచి వేళ దొరకదు.

మా క్లబ్‌హౌస్‌లో కుర్రాళ్లు పోకర్ టోర్నమెంటు ఆడారు. పైసా పందెం లేదు. అసోసియేషన్ వాళ్లు వంద తాపేశ్వరం కాజాలు తెప్పించారు: మొదటివాడికి 50, రెండోవాడికి 30, మూడోవాడికి 20. చివరికి నలుగురు మిగిలారు, చిప్స్ దాదాపు సమానం. ఒకతను ఉన్నవన్నీ ముందుకు తోసేశాడు. ఇద్దరు పడేశారు. నాలుగోవాడి చేతిలో రెండు జాకీలు. పడేయకుండా తన చిప్స్ కూడా అన్నీ పెట్టి పట్టాడు. అవతల ఆసు, రాజు. బోర్డు మీద, అంటే అందరికీ ఉమ్మడిగా పరిచే ముక్కల్లో, ఇంకో రాజు వచ్చింది, కుర్రాడు ఒక్క కాజా లేకుండా లేచాడు. మర్నాడు లిఫ్టులో అడిగాడు: "అన్నా, జాకీల జత వచ్చాక కూడా ఎవరైనా పడేస్తారా?"

పడేస్తారు. ఎందుకో చూడండి. నలుగురివీ సమానమైన చిప్స్ అయితే ఒక్కొక్కరి వాటా విలువ 25 కాజాలు. ఈ చెయ్యి ఓడితే సున్నా. గెలిస్తే చిప్స్ రెట్టింపవుతాయి, కాజాలు మాత్రం 50 కావు, 38 అవుతాయి. చిప్స్ ఎన్ని పోగేసినా మొదటి బహుమతి 50 దాటదు, పైగా మిగతా ఇద్దరూ ఏమీ చెయ్యకుండానే 20కి తగ్గని స్థితికి చేరిపోయారు. 38 కోసం 25 ఒడ్డాలంటే నూటికి 65 సార్లు గెలవాలి. ఆసు–రాజు మీద జాకీల జత గెలిచేది నూటికి సుమారు 55 సార్లే. ఈ లెక్కకు మూలం గుర్రప్పందేల లాంటి పోటీల ఫలితాల మీద డేవిడ్ హార్విల్ 1973లో రాసిన గణితం; పోకర్ బల్ల దగ్గరికి తెచ్చినవాడు మేసన్ మాల్మత్. పోకర్ వాళ్లు దీన్ని ఐసీఎం అంటారు.

అదే వంద కాజాలూ ఒక్కడికే అయితే? రెట్టింపు చిప్స్‌కు 50 కాజాల విలువ వస్తుంది, 55 సార్లు గెలిచే చెయ్యి పట్టి తీరాలి. అవే ముక్కలు, అదే బల్ల. బహుమతుల పట్టీ మారితే తీర్పు మారిపోతుంది.

మన 201 పూల్ రమ్మీ ఆడినవాళ్లకు ఇదంతా ఒంటబట్టిన విషయమే. స్కోరు 201కి చేరినవాడు ఔట్. ఆడకముందే పడేస్తే, అంటే తొలి డ్రాప్‌కు, 25 పాయింట్లు పడతాయి; మధ్యలో పడేస్తే (మిడిల్ డ్రాప్) 50, పూర్తిగా ఓడితే (ఫుల్ కౌంట్) గరిష్ఠంగా 80. స్కోరు 150 ఉంటే ఇంకా రెండు డ్రాపులున్నాయి. 175 ఉంటే ఒకటి. 200 మీద బతికే ఉంటాడు. 176 అయిందా, డ్రాప్ లేదు, ఎంత చెత్త ముక్కలొచ్చినా ఆడాల్సిందే. నాకు ఈ ఆటలో అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఇదే. 175 దాటినవాడు ఆటలో ఉన్నాడంటే ముక్కలు బాగున్నాయని కాదు, వేరే దారి లేదని. 120 మీద ఉన్నవాడు చక్కగా డ్రాప్ చేసే వీలుండి కూడా ఆడుతున్నాడంటే అతన్ని చూసి భయపడాలి.

పోకర్లోనూ ఇదే చూడాలి. బ్లైండ్లకు, అంటే ముక్కలు చూడకముందే వంతులవారీగా తప్పనిసరిగా పెట్టే చిప్స్‌కు, రెండు మూడు చుట్లలో కరిగిపోయే చిప్స్ ఉన్నవాడు ఏది వచ్చినా తోస్తాడు. ఏ రెండు ముక్కలతోనైనా తోసేవాడి మీద జాకీల జత నూటికి 77 సార్లు గెలుస్తుంది, నిశ్చింతగా పట్టొచ్చు. తొందర లేనివాడు తోస్తే ఆలోచించాలి. తోసేవాడికి ఇంకో సౌకర్యం కూడా ఉంది: అందరూ పడేస్తే ముక్కలు చూపకుండానే బ్లైండ్లు వస్తాయి. పట్టేవాడికి ఆ దారి లేదు, గెలిచి తీరాలి. అందుకే తోయడానికి సరిపోయే ముక్కలు పట్టడానికి సరిపోవు.

ఇంత ఆలోచన ఉంది కాబట్టే సికింద్రాబాద్ క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్ కేసులో 1967 నవంబరులో సుప్రీంకోర్టు రమ్మీని ప్రధానంగా నైపుణ్యం ఉన్న ఆటంది. పడిన ముక్కల్ని గుర్తుపెట్టుకోవాలి కదా అంది. మూడు ముక్కలాటకు ఆ గౌరవం ఇవ్వలేదు. అయితే 2017లో తెలంగాణ చట్టం సవరించి, రమ్మీతో సహా డబ్బు పెట్టి ఆడే ఆటలన్నీ మూసేసింది. 2025 ఆగస్టులో ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే ఆటలను దేశమంతటా ఆపుతూ పార్లమెంటు చట్టం చేసింది. మంచిదే అంటాను. ఫోన్లో అర్ధరాత్రి దాకా జీతాలు పోగొట్టుకున్న ఇళ్లు ఈ ఐటీ దారి పొడవునా ఉన్నాయి. ఆటలోని తెలివి అంతా డబ్బు లేకుండానే మిగులుతుంది.

మీరూ ఈ పండక్కి ఆడండి, చింతగింజలతో ఆడండి. ఒక్కటి మాత్రం మరవకండి: మొదటి ముక్క పంచకముందే బహుమతుల పట్టీ రాసి గోడకు అంటించండి.